మూడు వందలకో మారుపేరు

మా బావ ఖమ్మంలో రిటైరైన లెక్కల మాస్టారు. పొద్దున పాల ప్యాకెట్టుకూ సాయంత్రం గుడికీ తప్ప ఆయన స్కూటరు గుమ్మం దాటదు. అలాంటి బండి మీద ముగ్గురు కుర్రాళ్లు, ఒక్క హెల్మెట్టూ లేకుండా, కూకట్‌పల్లిలో ఎర్రలైటు దాటేసి పోతున్నారని ఆయన ఫోనుకు చలానా వచ్చింది. నెల తిరగకుండా మరో మూడు వచ్చాయి. ఫొటోలో ఉన్నది నల్లటి స్పోర్ట్స్ బైకు. మా బావది బూడిదరంగు స్కూటరు. నంబరు మాత్రం పొల్లు పోకుండా ఆయనదే.

ఆ ఫొటోలు పట్టుకుని ఠాణాకు వెళ్తే అక్కడి పెద్దమనిషి మర్యాదగానే మాట్లాడాడట. "మాస్టారూ, ఆ బండి మీది కాదని మీరే రుజువు చూపించాలండీ" అన్నాడట. ముప్పై రెండేళ్లు పిల్లలకు 'నిరూపించుము' అంటూ లెక్కలిచ్చిన మనిషి, తన స్కూటరు స్కూటరేననీ బైకు కాదనీ నిరూపించడానికి ఆర్సీ జిరాక్సులు, నాలుగు వైపుల నుంచీ తీయించిన ఫొటోలు సంచిలో వేసుకుని ఆరుసార్లు తిరిగాడు. పేరు దొంగిలించినవాడు దర్జాగా తిరుగుతున్నాడు. పేరు పోగొట్టుకున్నవాడు సంజాయిషీ రాసుకుంటున్నాడు.

ఆ నంబరు ఆ నల్లబైకు మీదికి ఎలా ఎక్కిందో చూద్దామని బయల్దేరాను. పెద్ద పరిశోధనేమీ అవసరం పడలేదు. హైదరాబాదులో మా ఇంటికి రెండు వీధుల అవతలే రేడియం షాపు ఉంది. "నంబర్ ప్లేట్ కావాలె" అన్నాను. కుర్రాడు కత్తెర పక్కన పెట్టి, "నంబర్ చెప్పుండ్రి సార్" అన్నాడు.

"ఆర్సీ చూపించక్కర్లేదా?"

"ఆర్సీ ఎందుకు సార్? మీరు చెప్తరు, నేను కొడ్త. ఐఎన్‌డీ కావాల్నా, సాదాదా?"

ఐఎన్‌డీ అంటే ఎడమవైపు నీలిరంగులో ఆ మూడక్షరాలూ, వాటి పైన వెండిలా మెరిసే చక్రం బిళ్లా ఉన్నది. దూరం నుంచి చూస్తే సర్కారువారిచ్చిన ప్లేటే అనిపిస్తుంది. సాదాది అయితే నూట యాభై, ఐఎన్‌డీ అయితే మూడు వందలు. పావుగంటలో ఇస్తానన్నాడు. ఆ పావుగంటలో నేను ముఖ్యమంత్రి కాన్వాయ్ నంబరు చెప్పినా కొట్టి ఇచ్చేవాడే. కుర్రాడి మీద నాకు కోపం రాలేదు. వాడికది తెలుపు మీద నల్ల అంకెలు, అంతే. 'అమ్మా నాన్నల దీవెన' స్టిక్కరు కొట్టినంత అమాయకంగా కొడుతున్నాడు.

నా కోపం ఆ తర్వాత ఫోను తెరిచినప్పుడు మొదలైంది. ఇంట్లో కూర్చుని వెతికితే చాలు, కారుకు, బైకుకు, ఆటోకు, ఏ బండికైనా ప్లేట్లు వరుసగా కనబడతాయి. ఉబ్బెత్తు అక్షరాలట. హోలోగ్రామ్ ఉన్నదట. వాన తగిలినా రంగు పోదట. నక్షత్రాల రేటింగు, పండగ డిస్కౌంటు, రేపు సాయంత్రంకల్లా ఇంటికే డెలివరీ. ఖాళీ గడిలో నంబరు టైపు చేయాలి, డబ్బు కట్టాలి. ఈ నంబరు నీదేనా అని అడిగేవాడు లేడు. సిమ్ కార్డు కావాలంటే వేలిముద్ర వేయమంటారు. నిద్రమాత్ర కావాలంటే డాక్టరు చీటీ చూపించమంటారు. వంద కిలోమీటర్ల వేగంతో పోయే టన్నున్నర ఇనుముకు తగిలించే పేరు మాత్రం దిండు గలీబు కొన్నట్టు కొనుక్కోవచ్చు.

నంబర్ ప్లేటు వస్తువు కాదు. సీటు కవరూ కాదు, డాష్‌బోర్డు మీద పెట్టుకునే వినాయకుడూ కాదు. అది రాజ్యం మీ బండికి పెట్టిన పేరు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ పేరిచ్చే అధికారం రిజిస్టరింగ్ అథారిటీకే ఉంది. దాన్నెలా రాయాలో 1989 కేంద్ర నిబంధనల్లో 50, 51 చెబుతాయి. కారు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, మందం 10, రెండింటి నడుమ జాగా 10 అని కొలతలు కూడా వేసి పెట్టారు. హై సెక్యూరిటీ ప్లేటయితే ఇంకా ఉంది: క్రోమియం హోలోగ్రామ్, లేజరుతో చెక్కిన శాశ్వత సంఖ్య, అక్షరాల మీది పొరలో ఏటవాలుగా 'ఇండియా' అన్న ముద్ర, వెనక ప్లేటుకు ఒకసారి బిగిస్తే విరగ్గొడితే తప్ప ఊడని తాళం. ఆ లేజరు సంఖ్య వాహన్ డేటాబేస్‌లో మీ ఛాసిస్ నంబరుకు ముడిపడి ఉంటుంది. మూడు వందల ప్లేటుకు మెరుపుంది, ఈ ముడి లేదు. తాళిబొట్టు బంగారు పూతది కొనుక్కోవచ్చు గానీ, పెళ్లి కొనుక్కోలేరు కదా.

ఈ మూడు వందల ప్లేటు చట్టబద్ధత గురించి మనవాళ్లలో ఒక వింత నమ్మకం ఉంది. ఆన్‌లైన్‌లో బాహాటంగా అమ్ముతున్నారంటే తప్పయ్యుండదులే అని. ఎంత అమాయకత్వం! పద్ధతి ప్రకారం లేని ప్లేటు పెట్టుకుంటే మామూలు జరిమానాతో సరిపెట్టొచ్చు, లేదా రిజిస్ట్రేషన్ లేని బండి కిందే లెక్కగట్టి 192వ సెక్షను చూపించొచ్చు. దాని కింద మొదటిసారి రెండు వేల నుంచి ఐదు వేల దాకా కట్టాలి. ఇంకొకరి నంబరు తగిలించుకుంటే కథ మారుతుంది. అది మోసం. నిన్నటి దాకా 420, ఇవాళ భారతీయ న్యాయ సంహితలో 318(4), ఏడేళ్ల వరకూ జైలు. కొన్నవాడికి ఇన్ని సెక్షన్లు పేర్చిన రాజ్యం అమ్మినవాడి దుకాణం ముందు ఏం చేస్తోంది? డిస్కౌంటు చూసుకుంటోందా?

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లు ఇక్కడ ఎక్కడెక్కడున్నారో చూద్దాం. మొదట సర్కారు. హై సెక్యూరిటీ ప్లేట్ల నిబంధన 2001లో వచ్చింది. టెండర్ల తగాదా సుప్రీంకోర్టు దాకా పోయి 2004లో తేలింది. అయినా రాష్ట్రాలు కదల్లేదు. 2011, 2012లో అదే కోర్టు రాష్ట్రాలకు మళ్లీ చీవాట్లు పెట్టాల్సి వచ్చింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013 చివర్లో గానీ మొదలు కాలేదు. మొదలయ్యాక డబ్బు రిజిస్ట్రేషన్‌తోపాటే కట్టించుకున్నారు, ప్లేటు కోసం నెలల తరబడి తిప్పారు. చాలామంది విసిగిపోయి రేడియం షాపుకే వెళ్లారు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లకు కంపెనీలే బిగించి ఇవ్వాలన్న రూలు వచ్చాక గానీ దారి పడలేదు. అంతకు ముందువాటి సంగతి తెలంగాణకు 2025లో గుర్తొచ్చింది. 2001లో పుట్టిన పిల్ల ఇంజనీరింగు ముగించి ఉద్యోగంలో చేరి తన జీతంతో స్కూటీ కొనుక్కునేంత కాలం పట్టింది, ఒక రేకు ముక్క బిగించడానికి! దొంగ ప్లేటు సంతకు పందిరి వేసింది ఈ ఆలస్యమే.

అక్షరాల పండగ ఇంకొకటి. 2014 జూన్‌లో ఏపీ పోయి టీఎస్ వచ్చింది. 2024 మార్చి 15 నుంచి టీఎస్ పోయి టీజీ వచ్చింది. పాత బళ్లకు మార్చక్కర్లేదని ఈసారి సర్కారే చెప్పింది. వింటామా? రెండుసార్లూ రేడియం షాపుల ముందు బారులు తీరాం. ఎస్ మీద జీ అతికించుకుని, రాష్ట్రం మీద ప్రేమ చాటుకున్నామని మురిసిపోయాం. టీజీ వరుస 'ఏ' అక్షరం నుంచి మళ్లీ కొత్తగా మొదలైంది. మీరు అతికించుకున్న నంబరు ఇవాళ వాహన్‌లో ఎవరిదీ కాదు, రేపు ఇంకెవరిదో అవుతుంది. అభిమానంతో చేసినా అది మారుపేరే. అక్షరాలను ఓట్ల సరుకు చేసిన నాయకులకు ఇదెందుకు పట్టదో వేరే చెప్పక్కర్లేదు.

ఆ మాటకొస్తే అవతలి రాష్ట్రం తక్కువ తిన్నదా? 2024 ఎన్నికలయ్యాక 'పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా' అని నంబరు ఉండాల్సిన చోట రాయించుకుని తిరిగినవాళ్లెందరో! నవ్వుకున్నాం, రీల్సు చేసుకున్నాం. ఆ రేకు కింద అసలు నంబరేమిటో అడిగిన పాపాన పోలేదు.

ఇక హైదరాబాదు ఐటీ కారిడార్‌లో చదువుకున్నవాళ్ల చేతివాటం చూడాలి. చివరి అంకె మీద మాస్కు వేలాడదీసేవాడు, ప్లేటును పైకి మడిచేవాడు, మూడును ఎనిమిదిగా దిద్దేవాడు. చలానా తప్పించుకోవడమంటే వీళ్లకు తెలివితేటలు. 2022 మార్చిలో పెండింగు చలానాలకు టూ వీలర్లకైతే పావు వంతు కడితే చాలని డిస్కౌంటు ఇచ్చారు. 2023 చివర్లో మళ్లీ ఇచ్చారు. వరసగా కట్టుకుంటూ వచ్చినవాడు వెర్రివాడయ్యాడు. ఎగ్గొట్టినవాడికి పండగ. ఇదంతా చూసిన కుర్రాడికి ఇంకొకడి నంబరు తగిలించుకోవడం నేరంలా ఎందుకు కనబడుతుంది చెప్పండి?

సరే, చలానా అంటే రెండు మూడు వేల సంగతి, ఇంత గోలెందుకు అంటారా? ఈ మాట నాతో ఒక మిత్రుడు అన్నాడు. ఆ రాత్రి నేను మా బావ చేత ఒక లెక్క వేయించాను.

విజయవాడ హైవే మీద ముప్పై మూడేళ్ల ఎలక్ట్రీషియన్ రాత్రి పని ముగించుకుని వస్తున్నాడనుకుందాం. నెలకు ఇరవై వేల సంపాదన. భార్య, ఇద్దరు పిల్లలు. వెనక నుంచి కారు గుద్ది ఆగకుండా పోయింది. మనిషి పోయాడు. పక్కన టీ కొట్టువాడు నంబరు చూశాడు, లేదా కెమెరాకు చిక్కింది. నంబరు నిజమైనదైతే దారి ఉంది. ఆ కారు బీమా కంపెనీ ట్రిబ్యునల్ ముందుకు వస్తుంది. ఏడాది సంపాదన 2,40,000. సొంత పని చేసుకునే నలభై లోపువాడు కనుక భవిష్యత్తు కింద నలభై శాతం కలపాలని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. 3,36,000 అయింది. తన సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే 2,24,000. ఆ వయసుకు గుణకం 16. మా బావ కాగితం మీద గీత గీసి, కింద 35,84,000 అని రాశాడు. అంత్యక్రియలవీ ఇతరత్రా కలిపే చిన్న మొత్తాలు ఇందులో లేవు.

ఆ నంబరు దొంగదైతే? వెతుక్కుంటూ పోతే ఖమ్మంలో మా బావ దొరుకుతాడు. ఆయన బీమా కంపెనీ ఆ బండి మాది కాదంటుంది, అది నిజమే. గుద్దినవాడు దొరకడు. అప్పుడా కుటుంబానికి మిగిలేది 'గుర్తుతెలియని వాహనం' పథకం. 2022 ఏప్రిల్ నుంచి దాని కింద ప్రాణానికి రెండు లక్షలు, తీవ్రగాయానికి యాభై వేలు. అంతకు ముందు ప్రాణం ఖరీదు ఇరవై ఐదు వేలే.

మా బావ తీసివేత చేశాడు. 33,84,000. పెన్ను మూత పెట్టి, "ఆ ప్లేటు ఎంతకమ్ముతున్నారన్నావ్?" అని అడిగాడు.

మూడు వందలు.

ఎక్కడో ఎవరో ఒకడు చేస్తాడులే అని సరిపెట్టుకోకండి. 2021 ఫిబ్రవరి 25న ముంబైలో ముకేశ్ అంబానీ ఇంటి దగ్గర జిలెటిన్ కడ్డీలతో ఒక స్కార్పియో నిలిపి ఉంచారు. దాని మీద ఉన్నది దొంగ నంబరు. ఆ ఇంటి భద్రతలో తిరిగే వాహనం నంబరుతో అది సరిపోలిందని పోలీసులే చెప్పారు. బండిలో మరికొన్ని ప్లేట్లు దొరికాయి. ఆ కేసులో ఎన్ఐఏ అరెస్టు చేసినవాళ్లలో ముంబై పోలీసు అధికారే ఉన్నాడు. దేశంలోకెల్లా ధనవంతుడి గుమ్మంలోనే దొంగ ప్లేటు చెల్లినప్పుడు, మీ వీధి చివర సీసీ కెమెరా ఏం పట్టుకుంటుంది?

అసలు ప్లేటు ఖరీదనీ, జాప్యమనీ ఇంకొందరి వాదన. జాప్యం నిజమే, నేనే పైన తిట్టాను. ఖరీదు మాత్రం అబద్ధం. తెలంగాణ 2025లో పెట్టిన ధరలు టూ వీలరుకు 320, కారుకు 590 నుంచి మొదలవుతాయి. రేడియం షాపు ఐఎన్‌డీకీ ఈ టూ వీలరు ప్లేటుకూ నడుమ ఒక చాయ్ తేడా. కాబట్టి చవక కోసం కొంటున్నామనకండి. ప్రశ్న అడగనందుకు కొంటున్నారు. ప్రశ్న ఎవరికి భయమో మీకు నేను చెప్పాలా?

మళ్లీ ఇదే సర్కారుకు నంబరు విలువ బాగా తెలుసు. 2024 ఆగస్టులో ఖైరతాబాద్ ఆర్టీఏలో టీజీ 09ఏ 9999 నంబరు వేలంలో 25,50,002 రూపాయలు పలికింది. చివరి ఆ రెండు రూపాయలు నాకెంతో నచ్చాయి. పాతిక లక్షలు పుచ్చుకుని అమ్మిన ఆ నాలుగు తొమ్మిదులనే వీధి చివర కుర్రాడు మూడు వందలకు ఎన్ని కాపీలంటే అన్ని కొట్టి ఇస్తాడు. తన కరెన్సీ నోటును ఎవడైనా ఇలా అచ్చేసి అమ్ముతుంటే రాజ్యం ఊరుకుంటుందా? నోటైతే ఖజానాకు దెబ్బ. నంబరైతే మా బావకు దెబ్బ. అందుకే నిద్ర.

ఇక అమ్మకపు వేదికలు. 'మేం అంగడి మాత్రమే, సరుకు ఎవరిదో' అంటారు. ఐటీ చట్టం 79వ సెక్షను నీడలో కూర్చుంటారు. కమీషను పుచ్చుకునేటప్పుడు సరుకు తమదే. తంటా వచ్చినప్పుడు ఎవరిదో. ఈ పాట ఒకసారి ఆగింది. సీటు బెల్టు పెట్టుకోకపోయినా కారు అలారం మోగకుండా ఆపే క్లిప్పులు ఇలాగే అమ్మేవారు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఈ-కామర్స్ కంపెనీల మీద ఆదేశాలిచ్చింది. 13,118 లిస్టింగులు ఊడిపోయాయి. కొన్నవాళ్ల వెంట రోడ్డు మీద పరిగెత్తలేదు, అమ్మేచోట పీక పట్టుకున్నారు. పెట్టుకున్నవాడి ప్రాణమే తీసే క్లిప్పుకు ఆ మాత్రం చేయగలిగినవాళ్లు, ఎదుటివాడి ప్రాణానికి లెక్క లేకుండా చేసే ప్లేటు దగ్గర చేతులు ముడుచుకున్నారెందుకు?

బ్రిటన్‌లో అదే 2001లో వాహన నేరాల చట్టం తెచ్చారు. ప్లేటు అమ్మేవాడు రిజిస్టరు చేసుకోవాలి, కొనేవాడి గుర్తింపు కాగితం, బండి కాగితం రెండూ చూసి రాసి పెట్టుకోవాలి. అక్కడా దొంగలున్నారు. 'ప్రదర్శనకు మాత్రమే' అన్న వంకతో ఆన్‌లైన్‌లో కాగితాల్లేకుండా అమ్మేవాళ్లూ ఉన్నారు. అయితే అక్కడ అమ్మినవాడికీ ఒక పేరూ చిరునామా ఉండాలని చట్టం అడిగింది. మనం కొన్నవాడి పటాన్ని డ్రోన్‌తో తీస్తాం గానీ అమ్మినవాడి బోర్డు వైపు చూడం. అత్త మీద కోపం దుత్త మీద.

నేను అడిగేది ఆకాశం కాదు. ఏ ప్లేటు కొట్టాలన్నా ఆ నంబరు టైపు చేయగానే ఆర్సీలో ఉన్న ఫోనుకు ఓటీపీ పోవాలి. గ్యాసు బండ తీసుకోవడానికి ఓటీపీ అడిగే దేశమిది. ఓటీపీ లేకుండా కొట్టిన ప్రతి ప్లేటుకూ అమ్మినవాడిని కొన్నవాడి పక్కనే నిలబెట్టాలి, వాడు గల్లీ చివర ఉన్నా గాజు మేడలో ఉన్నా. ఆ రేడియం కుర్రాళ్ల కడుపు కొట్టమని కాదు నేననేది. అనుమతి ఉన్న ప్లేట్లు బిగించే పని వాళ్లకే ఇవ్వండి. ప్రతి వీధిలో ఉన్నది వాళ్లు, జిల్లాకు కొన్ని ఫిట్‌మెంటు సెంటర్లే పెట్టుకుని ముసలివాళ్లను తిప్పుతున్నది మీరు.

ఠాణాలో సలహా ఇచ్చారని మా బావ హై సెక్యూరిటీ ప్లేటు బుక్ చేశాడు. ఛాసిస్, ఇంజను నంబర్లు భూతద్దం పెట్టి చూసి టైపు చేశాడు, డబ్బు కట్టాడు, వాళ్లు చెప్పిన రోజున, చెప్పిన చోటికి ఎండలో పోయి బిగించుకొచ్చాడు. ఇక తన ప్లేటుకు హోలోగ్రామ్ ఉంటుంది, ఆ దొంగబైకుకు ఉండదు, ఫొటోలో తేడా తెలిసిపోతుందని ఆయన తర్కం. పాత చలానాల్లో రెండు తీసేశారు, రెండు ఇంకా 'పరిశీలనలో' ఉన్నాయి.

మొన్న ఆదివారం ఐదోది వచ్చింది. మళ్లీ కూకట్‌పల్లే, మళ్లీ ఆ నల్లబైకే. నాకు పంపిస్తే వేళ్లతో పెద్దది చేసి చూశాను. ప్లేటు కొత్తది. ఎడమవైపు నీలిరంగులో మూడక్షరాలు, వాటి పైన చక్రం బిళ్ల, మా బావ స్కూటరుదాని కన్నా బాగా మెరుస్తోంది.